టీబీ మందులు, కామెర్లు, ఒక పసరు సీసా: నా అనుభవం

టీబీ మందులు మొదలుపెట్టేటప్పుడు అందరికీ ఒక మాట చెబుతారు. మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దు అని. రిఫాంపిసిన్ అనే మందు రంగు అది. చెమటకీ, కన్నీళ్ళకీ కూడా దిగుతుంది. నా తెల్ల బనియన్లు అలాగే పాడయ్యాయి. ముందే చెప్పడం మంచిదే, లేకపోతే రక్తం పోతోందనుకుని సగం మంది మర్నాడే మందులు మానేస్తారు. కానీ కామెర్లు వచ్చినా మూత్రం రంగు మారుతుందని, ఆ తేడా ఎలా కనిపెట్టాలో కూడా అప్పుడే చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ కనిపెట్టింది. అంతకుముందు మాత్ర వేసుకున్న కొన్ని గంటలు ఎర్రగా ఉండి, సాయంత్రానికి పలచబడేది. అది కాస్తా రోజంతా కాచిన కషాయంలా వస్తోందని నేను అనేసరికి, నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి కింది రెప్ప లాగి చూసింది. "కళ్ళు పచ్చగా ఉన్నాయండీ, ఇది మందు రంగు కాదు" అంది.

నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో లెక్కలు చూస్తాను. సీజన్లో యార్డులో దగ్గని మనిషి ఉండడు. ఘాటు గొంతులోకి పోయి హమాలీల దగ్గర్నుంచి కొనడానికి వచ్చిన వ్యాపారుల దాకా అందరూ దగ్గుతూనే ఉంటారు. అందుకే నా దగ్గుని ఎవరూ లెక్కపెట్టలేదు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, ప్యాంట్లు వదులవడం మొదలయ్యాక కళ్ళె పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబుటాల్ నాలుగూ కలిపి ఒకే మాత్రగా ఇస్తారు. రోజుకి ఎన్ని అన్నది బరువుని బట్టి. నా 48 కిలోలకి మూడు, పరగడుపున.

మొదట చూపించుకున్న ప్రైవేటు క్లినిక్‌లో మందులు రాసే ముందు లివర్ పరీక్ష చేయించలేదు. తర్వాత గొడవ వచ్చినప్పుడు, అసలు మొదట్లో నా లివర్ ఎలా ఉండేదో చూద్దామంటే కాగితమే లేదు. ఓపెనింగ్ బ్యాలెన్స్ లేని ఖాతా పుస్తకం చేతికిచ్చి తేడా ఎక్కడొచ్చిందో చెప్పమన్నట్టు అయింది.

మొదటి వారాలు బాగానే గడిచాయి. జ్వరం పోయింది, దగ్గు తగ్గింది. ఆ తర్వాత ఆకలి చచ్చిపోయింది. వంటింట్లో తాలింపు వాసన వస్తే చాలు, కడుపులో తిప్పేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే మింగబుద్ధి కాదు. ఇంట్లో వాళ్ళూ, కొట్లో వాళ్ళూ అందరూ ఒకటే మాట: "మందుల వేడి." సబ్జా నీళ్ళు, బార్లీ నీళ్ళు, పలచటి మజ్జిగ, రకరకాల చలవలు చేశారు. ఇప్పుడనిపిస్తుంది, ఈ 'వేడి చేసింది' అన్న ఒక్క మాట మన ఇళ్ళల్లో ఎన్ని రోగాలని కప్పేస్తుందో. టీబీ మందులు వాడే మనిషికి ఆకలి పోయి వాంతి వస్తోందంటే చేయించాల్సింది లివర్ పరీక్ష.

కొత్తపేటలో ఒక ల్యాబ్‌లో పరీక్షకి రక్తం ఇచ్చాను. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము ఎస్‌జీపీటీ. రిపోర్టులో అది 486. పైహద్దు 40. కళ్ళని పచ్చగా చేసే బైలిరుబిన్ 4.2, అదీ ఎక్కువే. ఆ కాగితం పట్టుకుని ఈసారి జీజీహెచ్‌కి, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రికి, వెళ్ళాం. అక్కడి డాక్టరు గారు కాగితం చూసి, కళ్ళు చూసి, పొట్ట నొక్కి చూసి, "ఈ రోజు నుంచి ఈ మాత్రలు బంద్" అన్నారు. దీనికి ఒక లెక్క ఉంది. వికారం, వాంతులు, కామెర్ల లాంటి లక్షణాలుంటే ఎస్‌జీపీటీ పైహద్దుకి మూడు రెట్లు దాటగానే ఆపేస్తారు. ఏ లక్షణం లేకపోయినా ఐదు రెట్లు దాటితే ఆపాల్సిందే. నాలుగు మందుల్లో ఎథాంబుటాల్ లివర్ జోలికి పెద్దగా పోదు. మిగతా మూడూ పోతాయి, అందులో పైరజినమైడ్ మరీ గట్టిది. లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ వైరస్‌లకి (ఏ, బీ, సీ, ఈ రకాలు) పరీక్షలు కూడా రాశారు, ఎందుకంటే టీబీ మందులు వాడుతున్నంత మాత్రాన నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు రాకూడదని ఏమీ లేదు. అవన్నీ నెగెటివ్. మందుల దెబ్బే అని తేలింది.

ఇంటికి రాగానే రెండో వైద్యం మొదలైంది.

మా పెదనాన్న కొడుకు పల్నాడు వైపు ఒక ఊరి నుంచి పసరు తెచ్చాడు. లీటరు కూల్‌డ్రింక్ సీసాలో ముదురాకుపచ్చ రసం, అడుగున ఒక వేలు మందాన మడ్డి. సూర్యోదయానికి ముందు పరగడుపున, మేకపాలలో కలిపి తాగాలి. ఇచ్చినాయన డబ్బు పుచ్చుకోడు, పుచ్చుకుంటే మందు పనిచేయదట. మన వైపు కామెర్లంటే ముందు అడిగేది డాక్టరు పేరు కాదు, పసరు పోసే ఊరి పేరు. చేతి మీద వాత పెట్టించుకున్న వాళ్ళనీ చూశాను. మా అన్న కనీసం సీసాతో సరిపెట్టాడు.

"మీ నాన్నకి తగ్గించింది ఈ పసరేరా" అంది అమ్మ. "మూడు వారాలు పోయించా. కళ్ళు మల్లెపూలల్లే అయినాయి. నువ్వేందిరా, డాక్టర్ని అడిగొస్తానంటావు?"

అడిగే వస్తానన్నాను. సీసా సంచిలో పెట్టుకుని జీజీహెచ్‌కి తీసుకెళ్ళాను. మూత తీయబోతే మా ఆవిడ గిల్లింది, తిడతారేమోనని. డాక్టరు గారు తిట్టలేదు. సీసా అందుకుని, వాసన చూసి, వెలుతురుకి పట్టుకుని చూశారు. "ఇందులో ఏముంది?" అని మాత్రం అడిగారు. అక్కడినుంచే మా అన్నకి ఫోన్ చేశాను. మా అన్న పసరాయనకి చేశాడు. ఆకు పేరు చెబితే గుణం పోతుంది, చెప్పను అన్నాడట ఆయన.

అప్పుడు డాక్టరు గారు చెప్పిన మాట నాకు బాగా ఎక్కింది, నాది లెక్కల బుర్ర కాబట్టి కూడా కావచ్చు. "మీకు మందులు ఆపేశాం. లివర్ అంకెలు వాటంతట అవే దిగుతాయి. దిగాక మందులు ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెట్టి చూడాలి, ఏది పడుతుందో ఏది పడదో. ఆ టైములో మీరు ఇంకేదైనా తాగుతూ ఉంటే, అంకె పెరిగినా తగ్గినా దేనివల్లో నేను చెప్పలేను. ఇది మంచిదా చెడ్డదా అన్న వాదన పక్కన పెట్టండి. ఇది తెలియనిది."

నాన్నగారి సంగతి కూడా చెప్పాను. దానికి ఆయన వివరించింది ఇదీ. ఆ రోజుల్లో ఏ వైరస్ అని పరీక్ష చేయించిందెవరు? కలుషిత నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ రకం కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు కోర్సూ సరిగ్గా అన్ని వారాలే ఉంటుంది. పసరు తాగినా, తాగకపోయినా తగ్గేది తగ్గుతుంది, పేరు మాత్రం పసరుకి వస్తుంది. మందుల వల్ల వచ్చిన కామెర్లదీ అదే కథ. చాలావరకు కారణమైన మందు ఆపితే తగ్గుముఖం పడతాయి. ఆపకుండా పసరు తాగుతూ కూర్చుంటే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

సీసాని పారబోయడానికి అమ్మ ఒప్పుకోలేదు. వంటింటి గూట్లో పెట్టింది. అది పులిసి ఉబ్బి ఒక మధ్యాహ్నం మూత ఎగిరిపోయి గోడంతా పచ్చగా అయ్యాక తనే కడిగి పారేసింది.

నిద్ర పట్టని రాత్రులు ఫోన్లో ఇవే చదివేవాణ్ణి. నేల ఉసిరి, గుంటగలగర, గలిజేరు, కటుకరోహిణి, మునగాకు, వెల్లుల్లి, పసుపు. మన పెరట్లో, పోపుల డబ్బాలో ఉన్నవాటిలో లివర్‌ని కాపాడుతుందని పరిశోధన పత్రం లేనిది దొరకడం కష్టం. చదివితే చాలా ఆశ పుడుతుంది. కానీ దాదాపు అన్నీ ఎలుకల మీద చేసినవే. పద్ధతి కూడా ఒకేలా ఉంటుంది. కొన్ని రోజుల ముందు నుంచి ఎలుకకి ఆ మొక్క సారం పడతారు, తర్వాత కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విష రసాయనమో, పారాసెటమాలో, మా ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ జంటో ఇచ్చి లివర్‌ని దెబ్బతీస్తారు. సారం పట్టిన ఎలుకలో ఎస్‌జీపీటీ తక్కువ పెరుగుతుంది. అబద్ధం అనను. అయితే అక్కడ రక్షణ ముందు, దెబ్బ తర్వాత. నాకు దెబ్బ ముందే తగిలింది. పైగా అక్కడ ఇచ్చేది ఆకు కాదు, సారం. ఎలుక కిలో బరువుకి 200 మిల్లీగ్రాములు అనుకుందాం. ఎలుక మోతాదుని మనిషికి మార్చేటప్పుడు సుమారు ఆరో వంతుకి తగ్గిస్తారు. ఆ లెక్కన నా బరువుకి గ్రామున్నర సారం రోజూ కావాలి. అంత సారం రావాలంటే ఎంత ఆకు కావాలో ఊహించుకోండి. చారులో వేసిన నాలుగు రెబ్బల లెక్కకి అందదు.

సరే, సారమే మాత్రగా కొని వేసుకుందాం అంటారా? మా కొట్లో ఒకాయన అదే అన్నాడు, పసుపు క్యాప్సూల్స్ తెప్పిస్తానని. కూరలో వేసిన పసుపు ఒంటికి పట్టేది చాలా తక్కువ. అందుకని క్యాప్సూల్‌లో మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలుపుతారు. 1998లో బెంగళూరులో చేసిన అధ్యయనంలో పైపెరిన్ కలిపితే మనుషుల్లో పసుపు సారం 20 రెట్లు ఎక్కువ ఒంటికి పట్టినట్టు తేలింది. అలా గట్టి చేసిన పసుపు వాడి లివర్ పాడైన కేసులు ఇటలీలో, అమెరికాలో బయటపడ్డాయి. బరువు తగ్గడానికి అమ్మే గ్రీన్ టీ సారం మాత్రలకీ అదే పేరుంది. కరోనా రోజుల్లో ఇంటింటా కాచిన తిప్పతీగ కూడా ఈ జాబితాలో చేరింది. 2021లో ముంబై డాక్టర్లు కొన్ని కేసులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, తిప్పతీగ అనుకుని దాన్ని పోలిన వేరే తీగ వాడి ఉండొచ్చు అంది. ఎవరి మాట నిజమైనా, గ్లాసులో ఉన్నది ఏ తీగో తాగినవాడికి తెలియదనేగా అర్థం!

మిర్చి వ్యాపారంలో ఉన్నవాణ్ణి కాబట్టి ఇంకో మాట. నేలలో పండింది కదా, ఏం చేస్తుందిలే అనే వాళ్ళు ఒకసారి యార్డుకి రావాలి. తేమగా ఉన్న కాయని సరిగ్గా ఆరబెట్టకుండా బస్తాకెత్తితే లోపల బూజు పడుతుంది. ఆ బూజు విడిచే అఫ్లటాక్సిన్ లివర్‌కి పచ్చి విషం, క్యాన్సర్ కూడా తెస్తుంది. యూరప్‌కి పోయే మిర్చిలో అది మొత్తం కలిపి కిలోకి 10 మైక్రోగ్రాములు దాటితే సరుకు తిప్పి పంపుతారు. బూజు పట్టిన వేరుశనక్కాయలోనూ అదే ఉంటుంది. మా ఇంట్లో మాత్రం లివర్ కోసం పసరు తెస్తారు, చేదొచ్చిన పల్లీలు ఏరి పారేయమంటే 'వృథా' అంటారు.

పసరు ఆగింది గానీ పథ్యం ఆగలేదు. ఉప్పు లేదు, నూనె లేదు, పప్పు లేదు, గుడ్డు మాటే లేదు. కళ్ళు పచ్చగా ఉన్నాయి కాబట్టి పసుపు అసలే లేదు. చప్పిడి అన్నం, మజ్జిగ నీళ్ళు, గ్లూకోజు, చెరుకురసం. కాఫీ వేడి అని అదీ తీసేశారు. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళేసరికి బరువు 46కి దిగింది. డాక్టరు గారికి నిజంగా కోపం వచ్చింది అప్పుడే. పసరు సీసా చూసినప్పుడు రాని కోపం చప్పిడి కూటికి వచ్చింది.

"అమ్మా, లివర్ దేనితో బాగుపడుతుంది అనుకున్నారు?" అని మా అమ్మనే అడిగారు. ఆయన చెప్పింది నా మాటల్లో: లివర్‌లో గ్లూటాతయోన్ అని ఒకటి తయారవుతుంది. మందులు అరిగేటప్పుడు పుట్టే విషపు ముక్కలని అది పట్టుకుని బయటికి పంపిస్తుంది. దాన్ని తయారు చేయడానికి మూడు అమైనో ఆమ్లాలు కావాలి. వాటిలో సిస్టీన్ అన్నది గుడ్డు, పప్పు, పాలు, మాంసం లాంటి ప్రోటీన్ నుంచి వస్తుంది. తిండి సరిగ్గా లేని మనిషిలో ఆ నిల్వ తరిగిపోతుంది. జ్వరమని పస్తులుండి పారాసెటమాల్ మోతాదు మించి వేసుకునే వాళ్ళ లివర్ తొందరగా దెబ్బతినేది ఇందుకే. పారాసెటమాల్ ఎక్కువై ఆసుపత్రికి వచ్చిన వాళ్ళకి ఇచ్చే విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కూడా ఆ సిస్టీన్‌కి మరో రూపమే. బక్కచిక్కిన టీబీ రోగుల్లో మందుల వల్ల లివర్ దెబ్బ ఎక్కువని కూడా చెప్పారు. లివర్ బాగా చెడి మనిషి మాట తడబడుతూ, మత్తుగా పడి ఉంటే తిండి సంగతి వేరే చూస్తారు గానీ, నాలాంటి వాడికి పథ్యం పెట్టడమంటే జబ్బుని మేపడమే అన్నారు.

నేను వెతికిన 'సహజ ఆహారం' చివరికి ఇక్కడ దొరికింది, అదీ ఏ విశేషమూ లేకుండా. పొద్దున ఇడ్లీ, పల్లీ చట్నీ. ఏరిన పల్లీలే. మధ్యాహ్నం కందిపప్పు, ఆకుకూర, నెయ్యి చుక్క, గడ్డ పెరుగు. రెండు ఉడికించిన గుడ్లు. సాయంత్రం గుగ్గిళ్ళు. వాసన పడని రోజుల్లో కొంచెం కొంచెం, ఎక్కువసార్లు. టీబీ రోగులకి ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకి వేసే డబ్బు 2024 నవంబరు నుంచి 500 నుంచి 1000 రూపాయలు అయింది. నా ఖాతాలో పడింది పడ్డట్టు గుడ్ల ట్రేలకే పోయింది. ఝార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అనే పెద్ద ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. టీబీ రోగులకి నెలకి బియ్యం, పప్పు, పాలపొడి, నూనె అన్నీ కలిపి 10 కిలోలు ఇచ్చి చూశారు. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన వాళ్ళలో చావులు బాగా తక్కువ. రోగుల ఇళ్ళల్లో వాళ్ళకి కూడా సరుకులు ఇస్తే కొత్తగా టీబీ రావడం తగ్గింది. ఏ మొక్క సారం గురించీ ఇంత గట్టి మాట నాకు కనబడలేదు.

చెరుకురసం మానేయమన్నారు. రసంతో తగాదా లేదు, అందులో వేసే ఐసు ఏ నీళ్ళతో చేసిందో అన్నదే భయం. ఉన్న దెబ్బకి హెపటైటిస్ ఏ తోడైతే ఇంకేమన్నా ఉందా. కాఫీ మాత్రం తిరిగొచ్చింది. కాఫీ తాగే వాళ్ళలో లివర్ గట్టిపడే జబ్బు తక్కువని చాలా దేశాల్లో చూశారట. మందుల దెబ్బని ఆపుతుందని ఎవరూ అనలేదు, తాగితే తప్పులేదు అన్నారంతే. నాకు అది చాలు.

అంకెలు దిగుతున్న వారాల్లో టీబీని ఖాళీగా వదలకుండా ఎథాంబుటాల్, లీవోఫ్లాక్ససిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఇచ్చారు. ఇక్కడో చిన్న సంగతి. అమ్మ లీవోఫ్లాక్ససిన్‌ని వేడి పాలతో ఇవ్వబోయింది. పాలలో కాల్షియం ఆ మందుని పట్టుకుని పూర్తిగా ఒంట్లోకి పోనివ్వదు. రెండు గంటల ఎడం ఉండాలి. మంచి తిండి కూడా టైము తప్పితే మందుకి అడ్డం పడుతుంది.

ఎస్‌జీపీటీ 80 కిందికి వచ్చాక ఒక్కొక్క మందూ తిరిగి మొదలైంది. ముందు రిఫాంపిసిన్ ఒక్కటే. కొన్ని రోజులాగి పరీక్ష. అంకె కదల్లేదు. తర్వాత ఐసోనియాజిడ్, మళ్ళీ పరీక్ష. ఆ రోజుల టెన్షన్ చెప్పలేను, రిపోర్టు మెసేజ్ వచ్చిన చప్పుడికే గుండె జారేది. ఐసోనియాజిడ్‌కీ కదల్లేదు. పైరజినమైడ్ జోలికి మాత్రం ఇక పోవద్దనుకున్నారు. దానికి బదులు కోర్సు తొమ్మిది నెలలకి పెంచారు. విడి మాత్రల కోసం తిరగాల్సి వచ్చింది, నాలుగూ కలిసిన మాత్ర దొరికినంత తేలిగ్గా ఇవి దొరకవు. ఐసోనియాజిడ్ మొదలయ్యాక చేపల్లో కానాగంతలు వద్దన్నారు. సరిగ్గా నిల్వ చేయని ఆ రకం చేపలో హిస్టమిన్ పేరుకుంటుంది, దాన్ని విరగ్గొట్టే పనిని ఐసోనియాజిడ్ అడ్డుకుంటుంది. తింటే మొహం ఎర్రబడి, తలనొప్పి, గుండె దడ వస్తాయట. నేను కొర్రమీనుతో సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు నెలనెలా పరీక్ష. పోయిన నెల ఎస్‌జీపీటీ 31, బరువు 54. కమీషన్ కొట్టుకి వెళ్తున్నాను, మూతికి మాస్కుతో. ఎవరికైనా కామెర్లంటే మా అన్న ఇంకా పసరు ఊరి దారి చెబుతూనే ఉన్నాడు. కాకపోతే ఇప్పుడు ఎస్‌జీపీటీ ఎంత, ఏం మందులు వాడుతున్నారు అని ముందు అడుగుతున్నాడు. అమ్మ మాత్రం నా రిపోర్టులో కొంత వాటా కుండీలో తను పెంచిన నేల ఉసిరిదే అంటుంది. "నేను ఒక్క ఆకైనా తినలేదు కదమ్మా" అంటే, "దాని గాలన్నా తగలలేదంట్రా" అంటుంది.